ఓసీడీ: వ్యాధి చరిత్ర, కారణాలు, చికిత్స

వద్దనుకున్నా పదేపదే మనసులోకి చొరబడే ఆలోచనలు, అవి పుట్టించే ఆందోళనను తగ్గించుకోడానికి మళ్ళీమళ్ళీ చేసే పనులు కలిసి రోజులో గంటలకొద్దీ కాలాన్ని మింగేసే మానసిక వ్యాధి ఓసీడీ. పూర్తి పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. చేతులు కడుక్కోవడం, గ్యాస్ కట్టేశామా, తాళం వేశామా అని తిరిగి తిరిగి చూసుకోవడం పైకి కనిపించే లక్షణాలు. మనసులోనే లెక్కపెట్టుకోవడం, దేవుడి మీద వచ్చిన చెడ్డ ఊహకు విరుగుడుగా జపం చేసుకోవడం వంటివి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియకపోవచ్చు. తాము చేస్తున్నది అర్థంలేని పని అని చాలామంది రోగులకు తెలుసు. తెలిసీ ఆగలేరు. మడి, ఆచారం, మామూలు చాదస్తం దీని కిందికి రావు. వాటిని పాటించేవారికి వాటిలో తృప్తి ఉంటుంది, ఓసీడీ రోగికి మిగిలేది బాధే.

ఐరోపాలో దీన్ని మొదట గుర్తించినవారు వైద్యులు కాదు, మతగురువులు. ప్రార్థన మధ్యలో దైవదూషణ ఊహలు వస్తున్నాయని కుమిలిపోయే భక్తుల గురించి 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులోని నారిచ్ బిషప్ జాన్ మూర్ ఒక ప్రసంగంలో చెప్పాడు. అలాంటి ఊహలతో పెనుగులాడవద్దని, బలంగా తోసేకొద్దీ అవి పెరుగుతాయని ఆయన సలహా. నేటి చికిత్సకు ఇంత దగ్గరగా వచ్చిన మాట ఆ తర్వాత రెండు శతాబ్దాల వైద్య గ్రంథాల్లో దొరకడం కష్టం.

వైద్యంలో తొలి వివరమైన వర్ణన ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్‌ది. 1838లో వెలువడిన గ్రంథంలో ఆయన ‘కుమారి ఎఫ్’ అనే వర్తకుల ఇంటి అమ్మాయి గురించి రాశాడు. ఆమెకు 18 ఏళ్ళప్పుడు, పిన్ని ఇంటి నుంచి వస్తూ ఏదైనా వస్తువు పొరపాటున తనతో తెచ్చేశానేమో అనే భయం మొదలైంది. తర్వాత లెక్కల్లో తప్పు రాసి ఎవరికైనా నష్టం చేశానేమో అని, ఆ పైన డబ్బు ముట్టుకుంటే విలువైనదేదో వేళ్ళకు అంటుకుందేమో అని భయం. తన భయం అసంబద్ధమని ఆమెకు తెలుసు. అలా తెలిసి ఉన్నదాన్ని పిచ్చి అనవచ్చా అన్న చిక్కు ఆ శతాబ్దమంతా వైద్యులను వదల్లేదు. ఫ్రెంచివారు దీన్ని సందేహోన్మాదం అన్నారు. 1877లో జర్మన్ వైద్యుడు వెస్ట్‌ఫాల్, రోగి తెలివి చెక్కుచెదరకుండా ఉండగానే అతని ఇష్టానికి విరుద్ధంగా వచ్చిపడే తలంపులుగా నిర్వచించాడు. ఫ్రాయిడ్ 1909లో ప్రచురించిన ‘ఎలుకల మనిషి’ అనే రోగి కథనం ప్రసిద్ధి చెందింది. రోగి భయాల వెనుక దాగిన అర్థాన్ని వెతికే ఆ పద్ధతి చదవడానికి ఆసక్తిగా ఉంటుంది కానీ, ఓసీడీ రోగులకు అంతగా మేలు చేయలేదు. 20వ శతాబ్దం మధ్యలో కొందరికి మెదడు శస్త్రచికిత్స కూడా చేశారు.

మలుపు 1966లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో వచ్చింది. విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త భయానికి అర్థం ఏమిటని వెతకలేదు, ఆ భయం వచ్చాక రోగి చేసే పనినే ఆపించాడు. కడుగుడు అలవాటున్న రోగి గదిలో కుళాయిలు కట్టేయించి, ముట్టుకోడానికి భయపడేవాటిని ముట్టించి, నర్సులను వెంట ఉంచాడు. తప్పించుకునే దారి మూసేస్తే, తాను భయపడ్డ ఆపద రావడంలేదని జంతువు నేర్చుకుంటుందన్న ప్రయోగాలే దీనికి ఆధారం. అతని రోగులు ఇద్దరే అయినా ఇద్దరూ బాగా కోలుకున్నారు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే ఈఆర్‌పీ, ఇక్కడ నుంచే ఎదిగింది. ఇప్పుడు ఎవరినీ బలవంతపెట్టరు. రోగి, చికిత్సకుడు కలిసి భయాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో రాసుకుని ఒక్కొక్కటే ఎదుర్కొంటారు. మామూలు మనుషులకూ ఇలాంటి వికారపు ఊహలు వస్తూనే ఉంటాయని 1978లో పరిశోధకులు రాక్మన్, డి సిల్వా చూపించారు. తేడా ఊహలో లేదు, దానికి మనిషి ఇచ్చే బరువులో ఉంది.

దాదాపు అదే కాలంలో మందు కూడా దొరికింది. డిప్రెషన్‌కు వాడే క్లోమిప్రమీన్ ఈ రోగులకూ పనిచేస్తోందని 1967లో స్పెయిన్ వైద్యులు తెలిపారు. అమెరికాలో దీనికి 1989లో ఆమోదం లభించింది. తర్వాత ఫ్లూఆక్సెటిన్, సెర్‌ట్రలిన్ వంటివి వచ్చాయి. డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదు, 8 నుంచి 12 వారాల ఓపిక తరచూ అవసరమవుతాయి. డాక్టరుకు చెప్పకుండా మధ్యలో మానేస్తే లక్షణాలు తిరగబెట్టవచ్చు. మందులు మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి కాబట్టి సెరటోనిన్ లోటే కారణమని అనుకోవడం తొందరపాటు.

కారణం ఒక్కటి కాదు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది, ముఖ్యంగా చిన్న వయసులో మొదలైనప్పుడు. మెదడు ముందుభాగం, లోపలి కాడేట్, థాలమస్‌లను కలిపే వలయం అతిగా పనిచేస్తున్నట్టు స్కాన్లు చూపించాయి. 1992లో లాస్ ఏంజెలిస్‌లో బాక్స్‌టర్ బృందం గమనించింది ఇంకా ఆసక్తికరం: మందుతో కోలుకున్నవారిలోనూ, ప్రవర్తన చికిత్సతో కోలుకున్నవారిలోనూ కాడేట్‌లో ఒకే తరహా మార్పు కనిపించింది.

మన దేశంలో 1975లో చండీగఢ్ వైద్యులు 82 మంది రోగుల లక్షణాలను విశ్లేషించి ప్రచురించారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక క్లినిక్ ఉంది. తెలుగువారిలో చాలామందికి ఈ పేరు 2017 నాటి ‘మహానుభావుడు’ సినిమాతో పరిచయమైంది. అందులో చూపింది అతిశుభ్రత ఒక్కటే, అదీ నవ్వు కోసం. బిడ్డకు తానే హాని చేస్తానేమోనని వణికిపోయే తల్లికి కూడా ఉన్నది ఇదే జబ్బు కావచ్చని ఆ సినిమా చూసి ఎవరూ ఊహించలేరు. ఇక ఇళ్ళలో జరిగేది వేరు. రోగి అడిగిన ప్రతిసారీ “తాళం వేశాంలే” అని చెప్పడం, అతని కోసం తామూ కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం ప్రేమతో చేసే పనులే అయినా, జబ్బును పోషిస్తాయి. అందుకే ఈఆర్‌పీలో కుటుంబ సభ్యులనూ కూర్చోబెట్టి, ఆ సాయాన్ని క్రమంగా ఎలా తగ్గించాలో నేర్పుతారు.