ఆకాశం యాభై కిలోమీటర్లు తగ్గిన ఏడాది

2008 మార్చి 23న హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు బేగంపేటను వదిలి శంషాబాద్ చేరాయి. రెండు నెలలకు, మే 24న, బెంగళూరు విమానాలు హెచ్‌ఏఎల్ విమానాశ్రయాన్ని వదిలి దేవనహళ్ళికి మారాయి. ఒకటి ఊరికి దక్షిణంగా జరిగింది, రెండోది ఉత్తరంగా. బేగంపేట నుంచి హెచ్‌ఏఎల్‌కు తిన్నగా గీత గీస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు. శంషాబాద్, దేవనహళ్ళి మధ్య సుమారు 455. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, నడుమ ఆకాశం మాత్రం యాభై కిలోమీటర్ల దాకా తగ్గింది.

ఆ గీతను పటం మీద గీసి చూడండి, బాగేపల్లికి దాదాపు పైగా పోతుంది. అక్కణ్ణుంచి చేలూరు దారి పట్టిన వాళ్ళకు చాకవేలు తగులుతుంది. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే సీమ ఇది.

దూరం కొలిచే గీతలు ఈ వైపుకు కొత్త కాదు. 1802లో మద్రాసు దగ్గర మొదటి ఆధారరేఖ కొలిచిన విలియం లాంబ్టన్, తర్వాత 78 డిగ్రీల రేఖాంశం వెంబడి త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్ళాడు. ఆ రేఖాంశం బాగేపల్లికి తూర్పున ఇరవై కిలోమీటర్ల చిల్లరలో ఉంటుంది. మోయడానికి మనుషుల గుంపు కావలసిన కోణాలు కొలిచే అర టన్ను థియొడొలైట్‌తో అతను తేల్చిన వాటిలో నాకు మరీ ఇష్టమైనది, మద్రాసు, మంగళూరు తీరాల నడుమ దూరం. పాత పటాల్లో అది 400 మైళ్ళు. లాంబ్టన్ లెక్కలో 360. నలభై మైళ్ళ నేల ఒక్క కొలతతో పటం మీంచి తొలగిపోయింది.

విమానాలకు కాలమే కొలత. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు నడిపేది. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. గంటకు మూడువందల కిలోమీటర్ల లోపు వేగంతో పోయే డకోటాకు హైదరాబాద్, బెంగళూరు మధ్య దూరం సుమారు రెండు గంటల పని. ఇప్పటి జెట్ వేగం గంటకు 800. ఆ లెక్కన ముప్పైఅయిదు నిమిషాలు చాలాలి. టిక్కెట్టు మీద గంటా పది నిమిషాలో, ఇంకాస్తో ఉంటుంది. పైకెక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడడం అన్నీ అందులోనే. ఇంత కొద్ది దూరంలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే.

తగ్గిన ఆకాశం నేలమీద పెరిగింది. ఊళ్ళో ఉన్న బేగంపేట, హెచ్‌ఏఎల్ స్థానంలో ఊరి బయటి విమానాశ్రయాలు వచ్చాక, నగరవాసికి అటూ ఇటూ రోడ్డు బారెడైంది. బాగేపల్లి వాళ్ళకు మాత్రం మేలే జరిగింది. దేవనహళ్ళి సుమారు డెబ్బై కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద సూటి దారి. బెంగళూరు దాటాల్సిన పని లేదు.

హైదరాబాద్ పోవాలంటే ఇక్కడి లెక్క ఇంకో తీరు. ముందు డెబ్బై కిలోమీటర్లు వెనక్కి, దక్షిణానికి పోవాలి. అక్కడ రెండు గంటల ముందే చేరాలి. దిగాక శంషాబాద్ నుంచి ఊళ్ళోకి మరో గంట. అంతా కలిపితే అయిదారు గంటలు. రాత్రి బస్సు దాదాపు ఎనిమిది గంటల్లో తీసుకుపోతుంది, అదీ ఇంటి దగ్గరి రహదారి మీంచే. 2023 సెప్టెంబర్ 24న మొదలైన కాచిగూడ వందే భారత్ అనంతపురం, ధర్మవరం మీదుగా సుమారు ఎనిమిదిన్నర గంటల్లో బెంగళూరు చేరుతుంది. బాగేపల్లి తాలూకాకు రైలుమార్గం లేదు. రెండు నగరాల మధ్య ప్రయాణకాలం లెక్కగట్టే వాళ్ళు ఒక్కసారి చాకవేలు బస్టాండు నుంచి మొదలుపెట్టి కూడాలని నా కోరిక.