కోవిడ్-19 వైద్య పరిశోధనలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

సార్స్-కోవ్-2 వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి కోవిడ్-19. తెలంగాణలో తొలి కేసు 2020 మార్చి 2న హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 12న నెల్లూరులో బయటపడ్డాయి. తర్వాతి రెండేళ్లలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 23 లక్షలకు పైగా కేసులు, 14,700 పైచిలుకు మరణాలు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కాయి. వ్యాధి ఎలా పాకుతుంది, ఏ మందు పనిచేస్తుంది, తగ్గాక ఒంట్లో ఏం మిగులుతుంది అన్న ప్రశ్నల మీద రెండు రాష్ట్రాల్లోనూ విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. వాటిలో కొన్ని ప్రపంచం మొత్తానికి పనికొచ్చాయి.

ఈ పరిశోధనలకు సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చూడటానికి ఒక మండలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లోని రావికమతం మండలం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తూర్పు కనుమల అంచున, కల్యాణపులోవ రిజర్వాయరు ఉన్న మండలం ఇది. ఇక్కడి కొండ గూడేల్లో గిరిజనులు ఉంటారు. ఇలాంటి మండలంలో జ్వరం వచ్చిన మనిషిని ముందు పలకరించేది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఆపైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. ఆయాసం ముదిరితే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి లేదా విమ్స్. పరిశోధన అనగానే ఈ వరుసలో చివరనున్న పెద్దాసుపత్రులే మనకు గుర్తొస్తాయి. కానీ తెలుగు నేల మీద జరిగిన కోవిడ్ అధ్యయనాల్లో అన్నిటికన్నా విలువైనదానికి సమాచారం అందింది మొదటి మెట్టు నుంచే.

కాంటాక్టుల జాబితాలు చెప్పిన సంగతులు

2020లో పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషి ఎవరెవరిని కలిశాడో ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల ఆ జాబితాలను అంటువ్యాధుల పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించింది. రెండు రాష్ట్రాల ఆరోగ్య అధికారులు, వైద్యులు కూడా అందులో సహరచయితలు. 2020 సెప్టెంబరు 30న ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం 84,965 మంది రోగులనూ, వారితో కాంటాక్టులోకి వచ్చిన 5,75,071 మందినీ పరిశీలించింది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద కాంటాక్టు అధ్యయనం మరొకటి లేదు.

అది తేల్చిన విషయాలు చాలా నమ్మకాలను కదిలించాయి. పాజిటివ్ వచ్చినవారిలో 71 శాతం మంది నుంచి వారి కాంటాక్టుల్లో ఎవరికీ సోకినట్టు కనబడలేదు. కేవలం 8 శాతం మంది రోగుల నుంచే కొత్త ఇన్‌ఫెక్షన్లలో 60 శాతం పుట్టుకొచ్చాయి. అంటే ఊరంతటినీ ఒకే తీరుగా భయపెట్టడం కన్నా, గాలి ఆడని చోట జనం గుమిగూడకుండా చూడటమే ముఖ్యం. దగ్గరగా మెలిగినవారికి సోకే అవకాశం 10.7 శాతం, దూరంగా ఉన్నవారికి 4.7 శాతం. ఒకే వయసువాళ్ల మధ్య వ్యాప్తి ఎక్కువ. పిల్లలు పిల్లలకు అంటిస్తారన్నది కూడా ఇక్కడే స్పష్టంగా తేలింది.

మరణాల లెక్క మరింత కలవరపెడుతుంది. 5-17 ఏళ్ల వారిలో కేసుల్లో 0.05 శాతం, 85 దాటినవారిలో 16.6 శాతం మంది చనిపోయారు. జనాభాలో వయసుల తేడాను సరిచేసి చూసినా, సంపన్న దేశాలతో పోలిస్తే ఇక్కడ కేసులూ మరణాలూ చిన్న వయసుల వైపే మొగ్గాయి. ఆసుపత్రిలో చేరాక చనిపోయినవారు అమెరికా రోగుల కన్నా తక్కువ రోజులకే కన్నుమూశారు. ఇంత విలువైన అధ్యయనానికి మూలం చేత్తో రాసుకున్న వివరాలు, ఫోన్లలో ఎక్కించిన పేర్లు. ఆ పని చేసిన ఏఎన్ఎంలకు, ఆశాలకు, వాలంటీర్లకు దక్కాల్సిన గుర్తింపు నేటికీ దక్కలేదు.

రక్తంలో యాంటీబాడీలు వెతికే సీరో సర్వేలు దీనికి కొనసాగింపు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జాతీయ సర్వేకు ఆంధ్రప్రదేశ్ నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలనూ, తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండలనూ ఎంచుకున్నారు. 2020 మే-జూన్‌లో దేశవ్యాప్తంగా పెద్దల్లో 0.73 శాతం మందికే యాంటీబాడీలు ఉండగా, 2021 జూన్-జూలైలో జరిగిన నాలుగో విడత నాటికి పిల్లలతో కలిపి 67.6 శాతం మందిలో కనబడ్డాయి. ఆ విడతలో ఆంధ్రప్రదేశ్ అంకె 70.2, తెలంగాణది 63.1. హైదరాబాదులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లను లెక్కగట్టి, 2020 ఆగస్టు నాటికి నగరంలో ఆరు లక్షలకు పైగా మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు.

2021 మేలో ‘ఏపీ స్ట్రెయిన్’ పేరుతో ఒక భయం విశాఖ నుంచి దేశమంతా పాకింది. ఎన్440కె అనే మార్పు ఉన్న వైరస్ పదిహేను రెట్లు ప్రమాదకరమని టీవీలు హోరెత్తించాయి. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో అది వేగంగా పెరిగిందన్న మాట నిజమే. మనుషుల్లో మాత్రం అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని, దాని స్థానాన్ని వేరే రకాలు ఆక్రమిస్తున్నాయని సీసీఎంబీ వివరించింది. కణాల్లో జరిగింది మనిషిలోనూ అలాగే జరుగుతుందని అనుకోవడం వల్లే ఆ గందరగోళం.

మందుల పరీక్ష

ఒక మందు పనిచేసిందో లేదో తేలాలంటే రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీయాలి. ఒక జట్టుకు మందు ఇచ్చి, రెండో జట్టుకు మామూలు చికిత్స కొనసాగించి, చివర్లో రెండిటినీ పోల్చాలి. కరోనా వచ్చినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు కాబట్టి, ఈ పోలిక లేకపోతే ఏ గుళిక మింగినా అదే బతికించిందనిపిస్తుంది.

ప్లాస్మా చికిత్స దీనికి మంచి ఉదాహరణ. 2020లో కోలుకున్నవారి ప్లాస్మా కోసం తెలుగు కుటుంబాలు రాత్రింబవళ్లు ఫోన్లు చేసి దాతలను బతిమాలుకున్నాయి. ఐసీఎంఆర్ ‘ప్లాసిడ్’ పేరుతో 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్ష జరిపింది. వ్యాధి తీవ్రమవడమో మరణమో సంభవించినవారు ప్లాస్మా జట్టులో 19 శాతం, రెండో జట్టులో 18 శాతం. అంటే మేలు లేదు. ఫలితం 2020 అక్టోబరులోనే ‘బీఎంజే’లో అచ్చయినా, జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే నెలలో. రెండో వేవ్ ఉద్ధృతి చాలావరకు ఈ మధ్యలోనే గడిచింది. అన్ని నెలల ఆలస్యాన్ని సమర్థించే కారణం కనబడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 దేశాల్లో 11,266 మందితో జరిపిన ‘సాలిడారిటీ’ పరీక్షలో భారత రోగులూ ఉన్నారు. రెమ్‌డెసివిర్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రి మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని 2020 అక్టోబరులోనే అది తేల్చింది. అయినా మరుసటి వేసవిలో రెమ్‌డెసివిర్ సూది కోసం జనం అప్పులు చేసి నల్లబజారులో కొన్నారు. నిజంగా ప్రాణాలు నిలిపిన మందు చవకైన డెక్సామెథసోన్. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను అది మూడో వంతు తగ్గించిందని బ్రిటన్ ‘రికవరీ’ పరీక్ష 2020 జూన్‌లో చాటింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం దానివల్ల మేలు కనబడలేదు.

డీఆర్‌డీఓ, హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన 2-డీజీ పొడికి 2021 మే 1న అత్యవసర అనుమతి వచ్చింది. 220 మందితో జరిగిన మూడో దశలో రెండు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులూ పాల్గొన్నాయి. మూడో రోజుకు ఆక్సిజన్ అవసరం తీరినవారు మందు జట్టులో 42 శాతం, మరో జట్టులో 31 శాతం. మరణాల మీద తీర్పు చెప్పడానికి 220 మంది చాలరు.

అదే మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆయుర్వేద పరిశోధన మండలి సీసీఆర్ఏఎస్ నివేదిక చూశాక, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను ఆపి, వేరే కొన్ని రకాలకు అనుమతి ఇస్తూనే, అవి కోవిడ్‌ను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని చెప్పింది. ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో అక్కడికి వెళ్లినవారిని మూఢులనడం అన్యాయం. రెండు జట్ల పరీక్ష ఒకటి జరిపించి ఉంటే వారికి సరైన జవాబు దొరికేది.

టీకాలు

హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ పరీక్షలకు ఐసీఎంఆర్ 2020 జూలైలో ప్రకటించిన 12 కేంద్రాల జాబితాలో హైదరాబాదు నిమ్స్‌తో పాటు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి కూడా ఉంది. ఆగస్టు 15కల్లా టీకా తేవాలని ఆ కేంద్రాలకు ఐసీఎంఆర్ రాసిన లేఖలోని గడువును భారత శాస్త్రవేత్తలు గట్టిగా తప్పుబట్టారు. మూడో దశలో 25 ఆసుపత్రుల్లో 25,798 మంది చేరారు. లక్షణాలతో కూడిన వ్యాధి నుంచి రక్షణ 77.8 శాతమని 2021 నవంబరులో ‘లాన్సెట్’ ప్రచురించింది. అత్యవసర అనుమతి మాత్రం సామర్థ్య ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న ఇచ్చేశారు. మంచి టీకా మీద అనవసరమైన అనుమానం రేపిన నిర్ణయం అది.

తగ్గాక మిగిలినవి

వ్యాధి మొదలైన మూడు నెలలకు కూడా, కనీసం రెండు నెలలుగా వదలకుండా ఉండి, వేరే కారణం కనబడని బాధలను ‘లాంగ్ కోవిడ్’ అంటారు. నీరసం, ఆయాసం, మతిమరుపు, నిద్రలేమి వీటిలో ముఖ్యమైనవి. రోజంతా పొలంలో వంగి పనిచేసే మనిషికి ఆయాసమంటే కూలి పోవడమే.

రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్‌గా పేరుపడ్డ మ్యూకర్‌మైకోసిస్ మీద హైదరాబాదు నేత్ర వైద్యుడు సంతోష్ హోనావర్ భాగస్వామిగా వెలువడిన ‘కాస్మిక్’ అధ్యయనం 2,826 మందిని పరిశీలించింది. వారిలో 78 శాతం మందికి మధుమేహం ఉంది. 87 శాతం మంది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు వాడారు. ప్రాణం నిలిపిన మందే అవసరం లేనిచోట, షుగరు చూడకుండా వాడితే ఎంత ప్రమాదమో ఈ అంకెల్లో కనబడుతుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన 14,419 మందిని ఐసీఎంఆర్ ఏడాదిపాటు గమనించగా 6.5 శాతం మంది ఆలోపే చనిపోయారు. వ్యాధికి ముందే టీకా వేసుకున్నవారికి ఆ ముప్పు బాగా తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న 18-45 ఏళ్లవారి ఆకస్మిక మరణాల మీద 47 ఆసుపత్రుల్లో జరిగిన మరో అధ్యయనం 729 మరణాలను 2,916 మందితో పోల్చింది. టీకా వల్ల ఆ మరణాల ముప్పు పెరగలేదని తేలింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఆకస్మిక మరణాలు, చనిపోయే ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం లేదా విపరీతమైన శారీరక శ్రమ ముప్పును పెంచాయి. టీకా వల్లే గుండెలు ఆగుతున్నాయన్న మాట రచ్చబండ మీద వినిపిస్తే, చెప్పాల్సిన జవాబు ఇదే.

అంగీకారం

గిరిజన ప్రాంతాల్లో ‘ప్రయోగం’ అన్న మాటకు జనం ఉలిక్కిపడటానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలామంది విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారు. వారిలో కొందరి మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పరీక్షలో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలి. చదువురానివారి విషయంలో నిష్పక్షపాతి అయిన సాక్షి ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. చేరినవారు కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అలా తప్పుకున్నందుకు వారికి అందాల్సిన మామూలు వైద్యాన్ని ఎవరూ ఆపకూడదు.