పెద్ద తూటా, చిన్న తూటా: ఎస్ఎల్ఆర్ నుంచి క్రీడ్‌మూర్ దాకా రికాయిల్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బీజీఎంఐ ఆడేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. దూరంగా కొండ మీద ఎనిమీ ఉన్నాడు. మీ ముందు నేల మీద ఎస్ఎల్ఆర్ ఉంది, పక్కనే మినీ14 ఉంది. ఏది తీసుకుంటారు?

ఎస్ఎల్ఆర్ తీసుకుంటే దెబ్బ గట్టిగా పడుతుంది, కానీ గన్ పైకి ఎగురుతుంది. మినీ14 తీసుకుంటే దెబ్బ తక్కువ, కానీ రెండో షాట్, మూడో షాట్ కూడా అక్కడే తగులుతాయి. మీరు రెండు సెకన్లలో తేల్చేసే ఈ విషయం మీద పెద్ద పెద్ద దేశాల సైన్యాలు దాదాపు వందేళ్లు కొట్టుకున్నాయి. తప్పు నిర్ణయం తీసుకున్నప్పుడు దాని ఫలితం అనుభవించింది మాత్రం ఆఫీసులో సంతకం పెట్టినవాళ్లు కాదు, తుపాకీ మోసినవాళ్లు.

అన్నట్టు, ఎస్ఎల్ఆర్ అనేది గేమ్ వాళ్లు పుట్టించిన పేరు కాదు. మన ఇండియన్ ఆర్మీ ఏళ్ల తరబడి మోసిన రైఫిల్ అది. నేనూ ఒకసారి దాంతో కాల్చాను. ఆ కథ ముందు చెప్తా.

కాలేజీలో ఎన్సీసీలో ఉన్నప్పుడు పాయింట్ 22 రైఫిల్ తో నా గ్రూపింగ్ బాగుండేది. అయిదు రౌండ్లు కాలిస్తే అయిదూ దగ్గర దగ్గరగా పడేవి. కొంచెం పొగరు కూడా ఉండేది లెండి. తర్వాత ఒక క్యాంపులో ఎస్ఎల్ఆర్ చేతికిచ్చారు. మొదటి రౌండ్ కే భుజం మీద ఎవరో గట్టిగా గుద్దినట్టయింది. చెవుల్లో గుయ్ మంది. అయిదు రౌండ్లలో టార్గెట్ మీద పడింది ఒక్కటే. తుపాకీలోనే ఏదో తేడా ఉందని ఉస్తాద్ తో అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. మ్యాగజైన్ తీసుకుని తనే నింపి మళ్లీ ఇచ్చారు. మధ్యలో ఒక డమ్మీ రౌండ్ పెట్టారని నాకు తెలియదు. రెండు కాల్చాను. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అని మాత్రమే వచ్చింది. తూటా పేలలేదు. కానీ బారెల్ మాత్రం ఠపీమని కిందికి వంగింది. నా భుజం ముందుకి తోసింది, కళ్లు మూసుకున్నాను. పేలనే లేదు, మరి తుపాకీ ఎందుకు కదిలింది? నేనే కదిపాను. దెబ్బ వస్తుందని శరీరం ముందే భయపడింది. ఉస్తాద్ ఒక్కటే మాట అన్నారు: "బందూక్ నహీ, తుమ్ హిలే." తుపాకీ కాదు, నువ్వు కదిలావ్ అని.

దీన్నే ఫ్లించ్ అంటారు. ఇప్పుడు చెప్పబోయే చరిత్ర మొత్తానికి మూలం ఇదే.

ముందు సైన్స్ రెండు ముక్కల్లో. మీరెప్పుడైనా పుట్టి ఎక్కారా? కృష్ణలోనో గోదావరిలోనో పుట్టిలోంచి ఒడ్డుకి దూకితే పుట్టి వెనక్కి పోతుంది. ఎంత బలంగా దూకితే అంత వెనక్కి. తుపాకీ కూడా అంతే. బుల్లెట్ ముందుకి దూకుతుంది, రైఫిల్ వెనక్కి వస్తుంది. బుల్లెట్ బరువు పెరిగినా, వేగం పెరిగినా, లోపల మందు పెరిగినా వెనక్కి తన్నడం పెరుగుతుంది. రైఫిల్ బరువు పెంచితే తగ్గుతుంది, కానీ ఆ బరువు మోసేది ఎవరు? మళ్లీ మనిషే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు.

ఇప్పుడు 1928కి, అమెరికాకి వెళ్దాం.

అప్పటికి అమెరికా సైన్యం దగ్గర పాయింట్ 30-06 అనే తూటా ఉంది. 1906లో వచ్చింది, చాలా బలమైనది. ఒక్కొక్క రౌండ్ కి చేత్తో బోల్ట్ లాగే రైఫిల్ నుంచి, దానంతటదే లోడ్ అయ్యే రైఫిల్ కి మారాలని సైన్యం అనుకుంది. అప్పుడు ప్రశ్న వచ్చింది: ఇంత పెద్ద తూటా అవసరమా? తేల్చడానికి ఒక బోర్డు వేశారు. మత్తు ఇచ్చిన పందుల మీద మూడు సైజుల తూటాలు పరీక్షించారు. అందుకే చరిత్రలో దానికి 'పిగ్ బోర్డ్' అని పేరుండిపోయింది. వినడానికి బాగోలేదు, నిజమే. కానీ రిజల్ట్ చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మామూలు యుద్ధ దూరాల్లో చిన్న తూటాలు ఏమాత్రం తీసిపోలేదు, కొన్నిచోట్ల ఇంకా బాగా పనిచేశాయి.

దాంతో జాన్ పెడర్సన్ తయారుచేసిన పాయింట్ 276 తూటా ముందుకొచ్చింది. తన్ను తక్కువ, బరువు తక్కువ. జాన్ గారాండ్ కూడా ఈ తూటాకే ఒక రైఫిల్ డిజైన్ చేశాడు, అందులో 10 రౌండ్లు పట్టేవి. అంతా సెట్ అయిపోయింది అనుకున్నారు.

1932లో ఆర్మీ చీఫ్ డగ్లస్ మెకార్థర్ దాన్ని ఆపేశాడు. ఆయన విలన్ అనుకోకండి. దేశం గ్రేట్ డిప్రెషన్ లో ఉంది, డబ్బుల్లేవు. గోడౌన్ల నిండా పాత పాయింట్ 30 తూటాలున్నాయి. మెషిన్ గన్లూ అవే వాడతాయి. రైఫిల్ కి ఒక తూటా, మెషిన్ గన్ కి ఇంకో తూటా అంటే సప్లై రెండింతల తలనొప్పి. ఆయన లెక్కకి ఆ నిర్ణయం కరెక్టే. గారాండ్ తన రైఫిల్ ని పాత పెద్ద తూటాకి మార్చాడు, 10 రౌండ్లు కాస్తా 8 అయ్యాయి. 1936లో అదే ఎం1 గారాండ్ అయింది, రెండో ప్రపంచ యుద్ధంలో గొప్ప పేరు తెచ్చుకుంది.

చూశారా, ఇక్కడే చిక్కు. ఆ రైఫిల్ సక్సెస్ అయింది కాబట్టి 'పెద్ద తూటానే కరెక్ట్' అనే నమ్మకం ఇంకా గట్టిపడింది.

యుద్ధం అయిపోయింది. ఈసారి బ్రిటన్ వంతు. వాళ్లు యుద్ధంలో నేర్చుకున్న పాఠాలతో పాయింట్ 280 అనే మధ్య రకం తూటా చేశారు. దానికి ఈఎం-2 అనే రైఫిల్. 1951లో అధికారికంగా తీసుకున్నారు కూడా. కానీ నాటో దేశాలన్నీ ఒకే తూటా వాడాలి కదా. అమెరికా మాత్రం పాత 30-06 బలానికి తగ్గేది లేదని కూర్చుంది. అదే ఏడాది చర్చిల్ మళ్లీ ప్రధాని అయ్యాడు. స్నేహం ముఖ్యం, స్టాండర్డ్ ముఖ్యం అని ఈఎం-2ని పక్కన పెట్టేశాడు. చివరికి నాటో తూటాగా వచ్చింది 7.62 బై 51. దాని గొట్టం 30-06 కంటే 12 మిల్లీమీటర్లు పొట్టి. కానీ మందు మెరుగైంది కాబట్టి బలం దాదాపు అంతే. అంటే తూటా పొట్టిదైంది, తన్ను మాత్రం మెత్తబడలేదు.

ఇదంతా జరుగుతుండగానే 1952లో అమెరికాలోనే ఒక రిపోర్ట్ వచ్చింది. నార్మన్ హిచ్‌మన్ అనే ఆయన రాశారు. సైనికులు రైఫిల్ వాడేది ఎక్కువగా 300 గజాల లోపే, అంతకు మించితే తగలడం బాగా తగ్గిపోతోంది అని దాని సారాంశం. కానీ తూటాని రెండింతల దూరానికి తయారుచేస్తూనే ఉన్నారు!

1957లో ఎం14 వచ్చింది. ఆటోమేటిక్ లో పెట్టి నొక్కితే మనిషి చేతిలో ఆగలేదు. మొదటి రౌండ్ టార్గెట్ మీద, మిగతావి ఆకాశంలో. అందుకే చాలా ఎం14లను ఒక్కొక్క రౌండే పేలేలా లాక్ చేసి ఇచ్చారు. తర్వాత వియత్నాంలో అమెరికా ఒక్కసారిగా ఆ చివరి నుంచి ఈ చివరికి దూకింది. ఎం16, 5.56 తూటా. బరువు చూడండి: 7.62 నాటో రౌండ్ సుమారు 24 గ్రాములు, 5.56 సుమారు 12. అదే బరువుకి రెండింతల తూటాలు మోయొచ్చు. మధ్యలో ఉన్న బ్రిటిష్ తూటాని వద్దన్నవాళ్లే, ఇంకా చిన్నదాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

మరి మన దగ్గర?

1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లలో చాలామంది పాయింట్ 303 బోల్ట్ రైఫిళ్లతో వెళ్లారు. ఆ చేదు అనుభవం తర్వాత ఇషాపూర్ లో తయారైన 7.62 ఎస్ఎల్ఆర్ సైన్యమంతా పరుచుకుంది. నా భుజం వాయగొట్టింది ఆ వంశానిదే. 90లలో మనం కూడా చిన్న తూటా వైపు మారాం: ఇన్సాస్, 5.56. కార్గిల్ లో అదే ఉంది. ఆ తర్వాత సరిహద్దులో దూరం వెళ్లే, గట్టిగా తగిలే తూటా మళ్లీ కావాలన్నారు. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకి ఆర్డర్ ఇచ్చాం. తూటా ఏంటో తెలుసా? అదే 7.62 బై 51. తాతల నాటి తూటా, కొత్త తుపాకీలో తిరిగొచ్చింది. అమెరికా కూడా 2022లో 6.8 తూటా ఉన్న కొత్త రైఫిల్ ఎంచుకుంది. శత్రువు కవచాన్ని చీల్చాలి, దూరం పోవాలి అని. కానీ సైనికుడు మోసే తూటాలు మాత్రం 210 నుంచి 140కి తగ్గాయి.

గడియారం లోలకంలా ఈ వైపు, ఆ వైపు. మరి దీనికి మధ్య దారి లేదా?

ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నది యుద్ధం చేసేవాళ్లు కాదు, పోటీల్లో కాల్చేవాళ్లు. 2007లో హోర్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా తెచ్చింది. క్రీడ్‌మూర్ అంటే న్యూయార్క్ దగ్గర ఉండే పాత షూటింగ్ రేంజ్. 1874లో అక్కడ అమెరికా, ఐర్లాండ్ జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో పోటీపడ్డాయి. ఐర్లాండ్ షూటర్ ఒకాయన పక్కవాడి టార్గెట్ ని కొట్టి పాయింట్లు పోగొట్టుకున్నాడు. చివరి షాట్ అమెరికన్ కల్నల్ జాన్ బోడీన్ ది. కొద్దిసేపటి ముందే సీసా పగిలి చెయ్యి తెగింది, రక్తం కారుతోంది. అలాగే కాల్చి బుల్స్ ఐ కొట్టాడు. 934కి 931, అమెరికా మూడు పాయింట్లతో గెలిచింది. గమనించండి, ఆ రోజు ఫలితం తేల్చింది తూటా బలం కాదు. ఒకరి పొరపాటు, ఇంకొకరి నిబ్బరం.

6.5 క్రీడ్‌మూర్ వెనక ఉన్న ఐడియా సింపుల్. బుల్లెట్ ని లావుగా చేయకుండా సన్నగా, పొడవుగా చేస్తే గాలిని చీల్చుకుని పోతుంది. స్వీడన్ 1894లోనే 6.5 తూటా వాడింది, కాబట్టి ఆలోచన మరీ కొత్తదేం కాదు. లెక్క చూద్దాం, అన్నీ సుమారుగా. గంటకి 10 మైళ్ల అడ్డగాలి వీస్తుంటే, 1000 గజాల దగ్గర 7.62 కి అన్నదమ్ముడైన పాయింట్ 308 బుల్లెట్ రెండు మీటర్లకి పైగా పక్కకి పోతుంది. 6.5 ఒకటిన్నర మీటర్ల దగ్గర ఆగుతుంది. ఇక తన్ను: 3.6 కిలోల రైఫిల్ తో లెక్కేస్తే 308 కి 21 జౌల్స్ దాకా, 6.5 కి 16 దగ్గర. పాయింట్ 300 వించెస్టర్ మాగ్నమ్ కి అయితే 40 దగ్గర!

మాగ్నమ్ చెడ్డదా? కాదు. బరువైన బుల్లెట్ పెడితే చాలా దూరం, చాలా బలంగా పోతుంది. కానీ 1000 గజాలు చేరడానికి బుల్లెట్ కి ఒకటిన్నర సెకను పడుతుంది. తన్ను తక్కువైతే ఆలోపు స్కోప్ మళ్లీ టార్గెట్ మీదకి వస్తుంది, బుల్లెట్ ఎక్కడ పడిందో మీ కళ్లతో మీరే చూస్తారు, తర్వాతి షాట్ సరిచేసుకుంటారు. తన్ను ఎక్కువైతే స్కోప్ లో ఆకాశం కనిపిస్తుంది. పైగా యాభై, అరవై రౌండ్ల తర్వాత భుజం మాట వినదు. 6.5 కి లోపాలూ ఉన్నాయి: 308 తో పోలిస్తే బారెల్ త్వరగా అరిగిపోతుంది, దగ్గరి దూరాల్లో రెండింటికీ పెద్ద తేడా తెలియదు.

నాకు అర్థమైంది ఇది. పందుల పరీక్ష తప్పు చెప్పలేదు, హిచ్‌మన్ రిపోర్ట్ తప్పు చెప్పలేదు. కాగితం మీద తూటా బలం అంకెల్లో కనిపిస్తుంది, అందుకే అందరూ దాన్నే చూశారు. భుజం భయం అంకెల్లో కనపడదు. డమ్మీ రౌండ్ పెడితే తప్ప బయటపడదు.

ఆ రోజు ఉస్తాద్ నాకు మళ్లీ పాయింట్ 22 ఇచ్చి ఓపికగా యాభై రౌండ్లు కాల్పించారు. ఆ తర్వాతే ఎస్ఎల్ఆర్. రెండోసారి అయిదులో మూడు పడ్డాయి. తూటా మారలేదు, తుపాకీ మారలేదు. కదలకుండా ఉండటం నేను కొంచెం నేర్చుకున్నాను, అంతే.

ఈసారి గేమ్ లో ఎస్ఎల్ఆర్ పక్కన మినీ14 కనిపించినప్పుడు ఇదంతా ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వచ్చే ఎపిసోడ్ లో కలుద్దాం. ఉంటాను.