వాపు లేని నొప్పి వెనక కథ

మెట్లు దిగుతుంటే మడమ వెనక చురుక్కుమంటుంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగే కష్టం. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలీస్ స్నాయువులో నెలల తరబడి తిష్ఠవేసే ఈ నొప్పికి వైద్యులు చాలాకాలం వాపునే కారణంగా చెప్పారు, వాపు తగ్గించే మాత్రలే రాశారు.

ఈ నిర్ధారణ మీద అనుమానం 1970ల్లోనే మొదలైంది. ఇటలీ వైద్యులు పుడ్డు, ఇప్పోలిటో, పోస్టక్కిని 1976లో అకిలీస్ జబ్బులను వర్గీకరిస్తూ, స్నాయువు లోపలి క్షీణతను వాపు నుంచి విడదీశారు. అలాంటి స్నాయువును సూక్ష్మదర్శిని కింద చూస్తే చెదిరిన కొలాజెన్ పోగులు, గుండ్రబడిన కణాలు, కొత్తగా మొలిచిన రక్తనాళాలు కనిపిస్తాయి. వాపు కణాలు మాత్రం అరుదు. మరి నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఈ ప్రశ్నను పట్టుకున్నది ఉత్తర స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం. అక్కడి ఆర్థోపెడిక్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్, సహచరులు నొప్పి ఉన్న స్నాయువులోకి సన్నని గొట్టం పంపి, అక్కడి ద్రవాన్ని కొన్ని గంటలపాటు సేకరించారు. 1999లో వెలువడిన ఫలితం ఎవరూ ఊహించనిది. వాపుకు గుర్తయిన ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఆరోగ్యవంతుల్లో కన్నా ఎక్కువేమీ లేదు. ఎక్కువగా ఉన్నది గ్లుటమేట్. నరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే రసాయనమది!

స్నాయువు లోపల నరాలు చాలా తక్కువ, ఎక్కువ భాగం చుట్టూ ఉన్న వదులు కణజాలంలోనే ఉంటాయి. మరి నరాలు వాడే ఇలాంటి రసాయనాలను అక్కడ తయారుచేసేది ఎవరు? అదే విశ్వవిద్యాలయంలో స్టూరె ఫోర్స్‌గ్రెన్, పాట్రిక్ డానియెల్‌సన్ బృందం 2000ల మధ్య నుంచి వెతికి, స్నాయు కణాలనే చూపించింది. అసిటైల్‌కోలిన్, అడ్రినలిన్ కుటుంబపు రసాయనాలు, సబ్‌స్టెన్స్ పి... వీటిని తయారుచేసే ఏర్పాటు ఆ కణాల్లోనే ఉంది, నొప్పి ఉన్న స్నాయువుల్లో మరీ స్పష్టంగా. వాటిని అందుకునే గ్రాహకాలూ అక్కడే ఉన్నాయి. సబ్‌స్టెన్స్ పిని 1931లో శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, గాడమ్ గుర్రం మెదడు, పేగుల్లో కనుగొన్నారు. అసిటైల్‌కోలిన్ పనిని ఒట్టో లోవీ 1921లో కప్ప గుండె మీద నిరూపించాడు. ఇన్నేళ్లూ నరాల సొత్తు అనుకున్నవి స్నాయువులో దొరకడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ రసాయనాల పని నొప్పితో ఆగదేమో. అసిటైల్‌కోలిన్ స్నాయు కణాల సంఖ్యను పెంచుతుందని ప్రయోగశాలలో తేలింది. అంటే జబ్బు స్వరూపాన్ని మార్చడంలోనూ దానికి చెయ్యి ఉండవచ్చు. వాపును పూర్తిగా తోసిపుచ్చడమూ సరికాదు. తొలిదశల్లో దాని పాత్రను చూపే పరిశోధనలు తర్వాత వచ్చాయి. అయినా, స్నాయువు అంటే వట్టి తాడు అన్న భావన చెదిరిపోవడమే ఈ కథలో పెద్ద మలుపని నా నమ్మకం. ‘వాపేమీ లేదు, మీకు నొప్పి ఉండకూడదే’ అన్న మాట విని కుంటుతూ ఇంటికెళ్లిన రోగికి దక్కాల్సిన న్యాయం ఇది.

చికిత్స మాత్రం వివరణ కోసం ఆగలేదు. స్నాయువు నొప్పితో బాధపడిన ఆల్ఫ్రెడ్‌సనే, మడమను మెట్టు అంచు నుంచి బరువుతో నెమ్మదిగా దించే వ్యాయామాన్ని తన కాలి మీద ప్రయత్నించాడు. రోజుకు రెండుపూటలా 12 వారాలు ఇదే చేసిన 15 మంది తిరిగి పరుగెత్తగలిగారని 1998లో ప్రచురించాడు. తర్వాత, ఇలా నొప్పి తగ్గినవారి స్నాయువుల్లోని ద్రవాన్ని మళ్లీ పరీక్షించారు. గ్లుటమేట్ తగ్గలేదు. నొప్పికీ ఈ రసాయనాలకీ ఉన్న సంబంధం ఒక్క గీతలో చెప్పేంత సులువు కాదని దాంతో తెలిసింది. వెతుకులాట అక్కణ్ణుంచే ఇంకా సాగుతోంది.