రాత్రి వేయమన్న మాత్ర: మతిమరుపు మందుల వేళల చరిత్ర

వైద్యుడు వ్రాసిచ్చిన చీటీలో మందు పేరు ప్రక్కన మూడు అంకెలు కనబడతాయి. 1-0-1 అంటే ఉదయమొకటి, రాత్రి ఒకటి. 0-0-1 అంటే రాత్రి మాత్రమే. మన ఇళ్ళలో మందు పేరు ఎవరికీ నోరు తిరగకపోయినా ఈ అంకెలు మాత్రం ఇంటిల్లిపాదికీ కంఠస్థం. ఆ వేళను ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు అని అడిగేవారు అరుదు. డెమెన్షియాకు వాడే డోనెపెజిల్ అనే మాత్ర ప్రక్కన తరచుగా కనిపించే 0-0-1 వెనుక చాలా పెద్ద కథ ఉన్నది. ఆ కథ తెలిస్తే కొన్ని ఇళ్ళలోనైనా రాత్రులు కొంత కుదుటపడతాయన్న ఆశతో ఇది వ్రాస్తున్నాను.

మా ఐనవిల్లిలో పరీక్షల ముందు విఘ్నేశ్వరస్వామి సన్నిధిలో కలాలకు పూజ చేసి విద్యార్థులకు పంచడం ఆనవాయితీ. బుద్ధి నిలవాలని, చదివినది గుర్తుండాలని పిల్లల కోసం మొక్కుకునే ఆ ఇళ్ళలోనే మామ్మగారో తాతగారో తమ పిల్లల పేర్లు మరచిపోతుంటారు. ‘పెద్దతనం, చాదస్తం’ అని సరిపెట్టుకున్నంత కాలం ఆ కుటుంబాలు వైద్యుని వద్దకు రావు. వచ్చిన రోజున మాత్రం చెప్పే మొదటి మాట మతిమరుపును గురించి కాదు. “పగలు ఎలాగో గడుస్తుందండీ, రాత్రి మాత్రం ఎవరినీ పడుకోనివ్వరు” అంటారు. జబ్బు ఒకరిది, జాగరణ అందరిదీ.

మందుకు వేళ ముఖ్యమన్న ఎరుక మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో ఔషధ కాలాలు పదిగా చెప్పబడినవి. పరగడుపున తీసుకొనేది అభక్తం, భోజనానికి ముందు తీసుకొనేది ప్రాగ్భక్తం, భోజన మధ్యంలో తీసుకొనేది మధ్యభక్తం. ముద్దకూ ముద్దకూ నడుమ పుచ్చుకొనేది గ్రాసాంతరం, మాటిమాటికీ పుచ్చుకొనేది ముహుర్ముహుః. రక్తంలో మందు ఎంతసేపు నిలుస్తుందో కొలిచే సాధనాలు వారికి లేవు, ఉన్నాయని గొప్పలు పోవడం అనవసరం. అయినా ఒకే మందు వేళను బట్టి, ఆహారాన్ని బట్టి వేరుగా పనిచేస్తుందని గమనించి, దానికి పది పేర్లు పెట్టుకున్న శ్రద్ధ మెచ్చదగినది.

ఇక జబ్బు చరిత్రకు వద్దాం. 1901 నవంబరులో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక చికిత్సాలయానికి ఆగస్టా డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకువచ్చారు. ఆమెను పరీక్షించినవాడు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్. ఆమెకు మతిమరుపుతో పాటు భర్తపై అకారణమైన అనుమానం, తాను ఎక్కడున్నదో తెలియని అయోమయం ఉండేవి. పక్క దుప్పట్లను ఈడ్చుకుంటూ తిరిగేది, గంటల తరబడి కేకలు పెట్టేది. 1906లో ఆమె మరణించిన తరువాత మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆల్జ్‌హైమర్ తన పరిశీలనలను వివరించాడు. 1910లో క్రెపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరు పెట్టాడు. ఆ రోజుల్లో ఇటువంటి రోగులను రాత్రివేళ శాంతింపజేయడానికి ఉన్నవి క్లోరల్ హైడ్రేట్, పారాల్డిహైడ్ వంటి మత్తుమందులే. అవి మనిషిని పడవేసేవి, అంతకు మించి చేసిందేమీ లేదు.

సాయంకాలమయ్యేసరికి ఈ రోగులలో కలత ఎందుకు పెరుగుతుంది? 1941లో ఈవెన్ కామెరాన్ అనే వైద్యుడు ఒక చిన్న ప్రయోగం చేశాడు. రాత్రివేళ అయోమయపడే వృద్ధులను పట్టపగలే చీకటి గదిలో ఉంచి చూశాడు. గంట తిరగకుండానే వారిలో రాత్రి కనిపించే కలతే మొదలైంది. అలసట వలననే కలత వస్తున్నదన్న ఊహకు ఈ ప్రయోగంతో బలం తగ్గింది. చుట్టూ ఉన్న వస్తువుల ఆనవాళ్ళు కళ్ళకు అందకపోవడమూ ఒక కారణమే. (ఇదే కామెరాన్ తరువాతి కాలంలో రోగులపై చేసిన క్రూర ప్రయోగాలతో చెడ్డపేరు మూటగట్టుకున్నాడు. అది వేరే కథ.) మన కోనసీమ ఇళ్ళ సంగతి ఆలోచించండి. చుట్టూ కొబ్బరితోటలు. బయట రోడ్డు మీద ఇంకా వెలుతురున్నా తోటలోని ఇంట్లో మునిమాపు ముందుగానే దిగుతుంది. దీపాలు వెలిగించే వేళకు మామ్మగారు ‘మా ఇంటికి పోతాను’ అని సంచి సర్దుకుంటే అది మొండితనం కాదు. మసక వెలుతురులో ఆ ఇల్లు ఆమెకు నిజంగానే పరాయి ఇల్లు.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఒక కలకు సంబంధించినది. ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరంలో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. నరాలు గుండెకు సందేశాన్ని పంపేది విద్యుత్తుతోనా, రసాయనంతోనా అన్నది ఆయనను చాలాకాలంగా వేధించిన ప్రశ్న. ఒకనాటి రాత్రి దానిని తేల్చే ప్రయోగం ఆయనకు కలలో తోచింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లవారి చూస్తే తన వ్రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మూడు గంటల వేళ అదే ఆలోచన మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మక నేరుగా ప్రయోగశాలకు వెళ్ళి రెండు కప్పల గుండెలతో ప్రయోగం చేశాడు. నరాన్ని ప్రేరేపించి ఒక గుండె వేగాన్ని తగ్గించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ గుండెకు చేర్చితే అదీ నెమ్మదించింది. 1921లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి లోవీ నోబెల్ బహుమతి అందుకున్నాడు.

చదువరులు ఇక్కడ రెండు సంగతులు జ్ఞాపకం పెట్టుకోవాలి. అసిటైల్‌కోలిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రెండవది లోవీకి అప్పటికి తెలియదు: మనం కలలు కనే వేళ మెదడులో ఈ రసాయనమే ఉవ్వెత్తున ఉంటుంది. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను గుర్తించి, కలలకు దానితో గల సంబంధాన్ని చూపారు. ఆ దశ తెల్లవారుజాము వైపు వెళ్ళే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. ఆ దశను నడిపించేవాటిలో అసిటైల్‌కోలిన్ ముఖ్యమైనదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

1976లో పీటర్ డేవిస్, మలోనీ అనే పరిశోధకులు ఆల్జ్‌హైమర్ వ్యాధితో మరణించినవారి మెదడులో అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోయినదని చూపారు. దానితో ఒక ఆశ పుట్టింది. రసాయనం తక్కువైతే, ఉన్న కాస్తనూ విరిగిపోకుండా కాపాడితే? అలా వచ్చిన మొదటి మందు టాక్రిన్. 1993లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. దానిని రోజుకు నాలుగుసార్లు వేయాలి, పైగా కాలేయానికి హాని కలుగుతున్నదేమోనని తరచు రక్తపరీక్షలు చేయించాలి. జ్ఞాపకం లేని మనిషికి నాలుగు పూటల మందు! ఆ వేళలను గుర్తుంచుకొనే భారమంతా ఇంట్లోని వారిదే. కొంతకాలానికి ఆ మందు వాడుకలో లేకుండా పోయింది.

జపాన్‌లోని ఐసాయ్ సంస్థలో హచిరో సుగిమోతో అనే శాస్త్రవేత్త నాయకత్వాన డోనెపెజిల్ తయారైంది. ఆయన తల్లి కూడా డెమెన్షియాతో బాధపడినవారే. 1996 నవంబరులో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. రోజుకు ఒకే మాత్ర చాలు, ఎందుకంటే ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికి దాదాపు 70 గంటలు పడుతుంది. అనుమతితో పాటు వచ్చిన సూచన ఏమిటంటే, రాత్రి పడుకోబోయే ముందు వేయాలని. ఈ మందుతో వికారం, వాంతి, విరేచనాలు రావచ్చు. రాత్రి వేస్తే ఆ వికారం నిద్రలో గడిచిపోవచ్చు. మీ ఇంటి చీటీలోని 0-0-1 అలా వచ్చినదే.

అయితే మందు వేసిన మూడు నాలుగు గంటలకు రక్తంలో దాని మోతాదు శిఖరానికి చేరుతుంది. పది గంటలకు వేస్తే అర్ధరాత్రి దాటిన తరువాత, సరిగ్గా కలల దశలు పొడుగయ్యే వేళకు. మెదడులో అసలే అసిటైల్‌కోలిన్ పెరిగే సమయానికి దానిని ఇంకా పెంచే మందు తోడైతే కొందరికి కలలు మరీ స్పష్టంగా, భయం గొలిపేవిగా వస్తాయి. మెలకువ వచ్చాక కలకూ నిజానికీ తేడా తెలియని మనిషికి ఆ కల అక్కడితో ఆగదు. చనిపోయిన అన్నగారు వీధిలో పిలుస్తున్నారని తలుపు గడియ తీస్తారు. అందుకే నిద్ర చెడినవారికి ఈ మాత్రను ఉదయానికి మార్చడం వైద్యులలో వాడుకగా మారింది. మందు ఒంట్లో అంతకాలం నిలుస్తుంది కనుక వేళ మార్చినంత మాత్రాన మేలు తగ్గదు. శిఖరం మాత్రం పగటికి జరుగుతుంది. కొందరికి ఈ ఒక్క మార్పుతోనే రాత్రి నెమ్మదిస్తుంది, అందరికీ కాదు. నిద్రలో కాళ్ళు చేతులు విసరడం, కలను నటించినట్లు అరవడం మందు లేకుండానే కొన్ని రకాల డెమెన్షియాలో, ముఖ్యంగా లూయీ బాడీ రకంలో, కనిపిస్తుంది. అందువల్ల ప్రతి కేకకూ మాత్రను నిందించడం తగదు.

ఇది చదివి మీ అంతట మీరు వేళ మార్చవద్దు, మందు ఆపవద్దు. లోవీ కప్ప గుండెను మరచిపోకండి. ఈ మందు మనిషి గుండె వేగాన్నీ తగ్గించగలదు. బీటా బ్లాకర్ వంటి గుండె మందులు వాడేవారిలో ఆ జాగ్రత్త ఇంకా అవసరం. కళ్ళు తిరగడం, స్పృహ తప్పి పడిపోవడం కనిపిస్తే అది వేళ మార్పుతో సరిపెట్టుకొనే సంగతి కాదు, వెంటనే వైద్యునికి చూపవలసినది. ఉదయానికి మార్చితే వికారం పగలు తెలియవచ్చు. అప్పుడు అల్పాహారం తరువాత వేయమని వైద్యులు చెప్పవచ్చు.

తరువాత వచ్చిన మందులకు వేళలు వేరు. రివాస్టిగ్మిన్ గుళికలను ఉదయం, సాయంత్రం భోజనంతోనే వేయాలి. ఆహారం మందును నెమ్మదిగా ఒంటికి పట్టించి వికారాన్ని తగ్గిస్తుంది. ఒట్టి కాఫీ మీద వేసి ‘ఈ మందు పడలేదు’ అనుకునేవారున్నారు. 2007లో దీనికే చర్మంపై అంటించే పట్టీ వచ్చింది. ఇరవైనాలుగు గంటలూ కొద్దికొద్దిగా మందు ఒంటికి అందుతుంది కనుక వికారం తక్కువ. మన ప్రాంతంలో ఒక చిక్కున్నది. పెద్దవారి వీపుకు కొబ్బరినూనె రాయడం మనకు అలవాటు, నూనె ఉన్న చర్మంపై పట్టీ అంటుకోదు. పొడిగా, శుభ్రంగా ఉన్న చోట అంటించాలి. రోజూ చోటు మార్చాలి. అన్నిటికంటె ముఖ్యం, పాత పట్టీ తీసిన తరువాతనే కొత్తది వేయాలి. ఒంటిపై రెండు మూడు పట్టీలు మిగిలిపోతే మోతాదు మించి ప్రాణాపాయం కలగవచ్చు. వీపు మీదిది రోగికి కనబడదు, చూసుకోవలసినవారు మీరే.

ఇంకొక ఉచ్చు ఉన్నది. రాత్రి నిద్ర లేదని ఎవరో దగ్గు మందో, జలుబు మాత్రో, పాతకాలపు నిద్రమాత్రో ఇస్తారు. వీటిలో చాలావాటికి అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకొనే గుణం ఉంది. ఒక చేత్తో పోసిన నీటిని మరొక చేత్తో తోడివేసినట్లు. కెనడాలో 2005లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో, డెమెన్షియా మందులు వాడేవారికి మూత్రం ఆపుకోలేకపోవడానికి విరుగుడు మందులు ఇవ్వడం ఎక్కువగా కనిపించింది. మొదటి మందు ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి, మొదటిదానికి వ్యతిరేకంగా పనిచేసే రెండవ మందు వ్రాయడమన్న మాట. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, డెమెన్షియా ఉన్న వృద్ధులకు కొత్త తరం మానసిక రోగాల మందులు ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని హెచ్చరించింది. తప్పనిసరి అయినప్పుడు వాటిని వాడవలసిరావచ్చు. రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలన్న ఒక్క కారణానికి మాత్రం కాదు.

మందు కాని మందు వెలుతురు. 2008లో నెదర్లాండ్స్ వృద్ధాశ్రమాలలో 189 మందిపై జరిగిన అధ్యయనం వెలువడింది. పగలంతా హాలును ప్రకాశవంతంగా ఉంచితే బుద్ధి క్షీణత, దిగులు కొద్దిగా తగ్గాయి. మెలటోనిన్ ఒక్కటే ఇస్తే నిద్ర కొంత మెరుగైనా మనసు దిగులుపడింది, వెలుతురు తోడైతే ఆ దోషం తొలగింది. వారు విద్యుద్దీపాలతో కష్టపడి తెచ్చుకున్న వెలుతురు మన అరుగు మీద ఉదయాన ఊరికే పడుతుంది. తాతగారిని ఉదయం పూట అరుగు మీద కూర్చోబెట్టి నలుగురితో మాట్లాడించండి. మధ్యాహ్నం కునుకు అరగంటకు మించనివ్వకండి. దీపాలను చీకటి పడక ముందే వెలిగించండి.

డోనెపెజిల్ మోతాదు మారితే ఒంట్లో దాని మట్టం స్థిరపడడానికి దాదాపు 15 రోజులు పడుతుంది. వైద్యుడు వేళగాని మోతాదుగాని మార్చితే రెండు రాత్రులకే తీర్పు చెప్పకండి. ఆ పదిహేను రోజులూ ఒక నోటు పుస్తకంలో మాత్ర వేసిన గంట, పడుకున్న గంట, ఎన్నిసార్లు లేచారు, కేకలా, భయమా, మూత్రానికా, పగలు ఎంతసేపు కునికారు, వాంతి అయిందా, ఎక్కడైనా తూలారా అన్నవి వ్రాయండి. మిగిలిన మందులన్నీ, దుకాణంలో అడిగి తెచ్చినవాటితో సహా, ఒక సంచిలో వేయండి. తరువాతిసారి అమలాపురమో రాజమండ్రో వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకం, ఆ సంచి రెండూ బల్ల మీద పెట్టి, ఈ రాత్రి మాత్రను ఉదయం వేయవచ్చునా అని అడగండి.