రేపటి తారలు ఎవరు?

తెలుగు సినిమాలో రేపటి తారలను ముందే పోల్చుకోవాలంటే చిన్న పాత్రలనూ, సహాయ దర్శకుల పేర్లనూ గమనించాలి. అమెరికాలో చదువుకుని తిరిగి వెళ్ళిన శేఖర్ కమ్ముల 2012లో తీసిన 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' ఇందుకు మంచి ఉదాహరణ.

విజయ్ దేవరకొండ: అందులో చిన్న పాత్ర. 'పెళ్ళిచూపులు' (2016), 'అర్జున్ రెడ్డి' (2017)తో హీరోగా నిలబడ్డారు.

నవీన్ పొలిశెట్టి: మరో చిన్న పాత్ర. హీరోగా 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' కోసం 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

నాగ్ అశ్విన్: సహాయ దర్శకుడు. తర్వాత 'మహానటి' (2018), 'కల్కి 2898 ఏడీ' (2024) తీశారు.

ఇప్పుడు ఆ దారిలోనే కనిపిస్తున్న నటుడు మౌళి తనుజ్. 2024లో వెబ్ సిరీస్ 'నైంటీస్'లో కొడుకు పాత్ర వేసి, 2025లో 'లిటిల్ హార్ట్స్' హీరో అయ్యారు. దర్శకుల్లో యదు వంశీ తొలి సినిమా 'కమిటీ కుర్రోళ్ళు' (2024)తోనే 11 మంది కొత్తవాళ్ళను హీరోలుగా పరిచయం చేశారు.

మనం ఉండే ఊరికి చిన్న సినిమా వస్తే తప్పక చూడండి. మన టికెట్టే వాళ్ళకు రెండో అవకాశం!