కరోనా వేసుకున్న దొంగ ముద్ర
మన కణాల నిండా ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. కరోనా జన్యువు కూడా ఆర్‌ఎన్‌ఏనే. మరి మన ఇమ్యూనిటీ ఏది మనది, ఏది బయటిది అని ఎలా పోల్చుకుంటుంది?

ఒక క్లూ, మిథైల్ ముద్ర. అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. మన కణాలు తమ ఆర్‌ఎన్‌ఏ మీద అక్కడక్కడా దీన్ని అతికిస్తాయి.

1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కాటలిన్ కరికోకి గ్రాంట్లు రాక హోదా తగ్గించారు. అయినా ఆవిడ ఎంఆర్‌ఎన్‌ఏని వదల్లేదు. తర్వాత డ్రూ వైస్‌మన్‌తో కలిశారు. ల్యాబ్‌లో చేసిన ఎంఆర్‌ఎన్‌ఏ ఇస్తే ఇమ్యూన్ కణాలు రెచ్చిపోయేవి. మన కణాల్లోని టీఆర్‌ఎన్‌ఏ ఇస్తే మాత్రం గొడవే లేదు! తేడా ఇలాంటి ముద్రల్లోనే ఉందని 2005లో పేపర్ వేశారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడే ట్విస్ట్. కరోనా వైరస్‌లు తమ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఈ మిథైల్ ముద్రని సొంతంగా వేసుకుంటాయి. దొంగ పోలీస్ యూనిఫాం వేసుకొచ్చినట్టు! ఆ ముద్ర వేసే ఎంజైమ్‌ని చెడగొట్టి చూస్తే, కణాలు వైరస్‌ని పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ అలారం మోగించాయని 2011లో తేలింది.

2020కి వద్దాం. ఫైజర్, మోడెర్నా టీకాల ఎంఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్ బదులు ఎన్1-మిథైల్‌సూడోయూరిడిన్ పెట్టారు. అందులోనూ ఒక మిథైల్ ఉంది. మన దగ్గర ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ వేరే రకం లెండి.

2023లో కరికో, వైస్‌మన్‌లకి నోబెల్ వచ్చింది. ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు కదా, ఇదే అది!